రాలిన మాట

రాజోలు తాలూకాఫీసులో
చెదలు సగం చదివేసిన రిజిస్టరు.
సోమాలమ్మగారి ఎకరం పావు కొబ్బరితోట ఎదుట
ఎర్ర సిరాతో ఒకే మాట: ఎస్చీటు.

వారసులు లేరు. పోయింది. సర్కారుది.

ముప్ఫై ఏళ్లు రాశానండీ ఆ మాట,
అర్థం మాత్రం రిటైరయ్యే ఏడు వెతుక్కున్నాను.
పాత ఫ్రెంచి నోట్లో అది
రాలిపడ్డది, అంతే.
ఈదురుగాలికి గట్టు దాటి పడ్డ కాయ.

ఇంగ్లండు చేరాక రాజు వాటాకి రాలింది.
ఏరుకు రమ్మని మనుషుల్ని పెట్టాడాయన.
వాళ్లు బతికున్నవాళ్ల దొడ్లోనూ ఏరారు,
చెట్టు మీది గెలల్ని కూడా
రాలినవనే రాసుకున్నారు.
జనం ఊరుకుంటారా,
మాట తల నరికి
మొండేన్ని వాడుకున్నారు: చీటు.

చీట్ల పాట ఎగ్గొట్టినవాడి మీద
స్టేషన్లో చీటింగ్ కేసు పెట్టొచ్చే మావాళ్లకి
అది ఈ రిజిస్టరు తోబుట్టువని ఎవరు చెబుతారు?

సోమాలమ్మగారికి మనిషి లేకపోలేదు.
దింపు తీసే ఏసుబాబు
పదకొండేళ్లు గంజి కాచి పోశాడు,
తలకొరివీ వాడే పెట్టాడు.
వాడి పేరుకి కాలమ్‌లో గడి లేదు.

మొన్న శ్రావణంలో వశిష్ఠ
తోటని గట్టుతో సహా కోసుకుపోయింది.
నరసాపురం వైపెక్కడో ఇసుక మేటేసిందట.
రిజిస్టరులో ఎకరం పావు మాత్రం
ఒక్క సెంటూ తడవలేదు.

ఆఖరి రోజు, రిమార్కుల గడిలో
తెలుగులో రాశాను: రాలిపడినది.

ఆర్.ఐ.గారు కళ్లజోడు పైకి తోసి
"ఎవరికయ్యా?" అన్నారు.