ఇందాక

ఆరింటికి ఫోను మూట విప్పింది.
పగలంతా దాచి, సాయంత్రం ఒక్కసారే ఇమ్మని
దానికి చెప్పింది నేనే.
పదకొండు సంగతులు. అన్నిటి పక్కనా ఒకటే ముద్ర:
ఇప్పుడే.

పక్కింటి గ్లెనిస్ రాసింది:
"గుమ్మంలో సూపు పెట్టాను. వేడిగా ఉంది, చూసుకో."

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.
షెఫీల్డ్‌లో, వాక్లీ గుట్ట మీద వాన
ఏటవాలు వీధిని కడిగి కడిగి
అలసిపోయి తుంపరైంది.
మెట్టు మీద నీలం గిన్నె,
దాని మీద బోర్లించిన ప్లేటు,
ప్లేటు అడుగు అంచులో నిలిచిన చెంచాడు నీళ్ళు.
తీసి చూస్తే ఉల్లికాడల సూపు
తొరక కట్టి ఉంది.
గిన్నె కింద అరచెయ్యి పెట్టాను.
బండరాయి.

ఫోను ఇప్పుడే అంటోంది.
గిన్నె మధ్యాహ్నం అంటోంది.

ఆ మాట నాకు బాగా తెలుసు.
నాలుగేళ్ళ కిందట, ఇదే ఊళ్ళో,
ట్రామ్ లైను పక్కన మూడో అంతస్తులో
ఆ యాప్‌కి తెలుగు మాటలు కూర్చే పని నాది.
"జస్ట్ నౌ"కి ఏం పెడదాం, అని అడిగాడు కాలమ్.
ముందు ఇందాక అన్నాను.
అంటే ఎంతసేపు?
పాలు పొంగేంత కావచ్చు,
అన్నం తిని ఓ కునుకు తీసేంతైనా కావచ్చు,
పొద్దు మాత్రం మారదు, అన్నాను.
నవ్వాడు. లెక్కకి రాని మాట మెషీనుకెందుకు?
జనం వెంటనే తెరవాలి,
ప్రతి సంగతీ పొగలు కక్కుతుండాలి, అన్నాడు.
సరేనని ఇప్పుడే రాసిచ్చాను.
చివరనున్న ఆ ఏత్వం
మనిషిని ఎంత గట్టిగా పట్టి లాగుతుందో
నాకు తెలియక కాదు.
అది జీతాల రోజు, అదీ నిజమే.

అటువైపు, గ్లెనిస్ తెర మీద
ఒంటిగంటా పదికే పడి ఉంటుంది: చేరింది.
చేరింది అంటే నాకు చేరిందనుకుంటుంది గాని
ఫోనుకి చేరిందని ఎవరనుకుంటారు?
తలుపు చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంటుంది.
రెండున్నరకి, ఇష్టం లేదేమో అనుకుని ఉంటుంది.
నాలుగింటికి, నాదే అతి చొరవేమో అని.
ఏమో, అన్నీ నా ఊహలే.
అప్పుడు నేను మేడ మీద, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని
ఇంకో యాప్‌కి ఇంకో "చేరింది" దిద్దుతున్నాను.

సూపు వేడి చేసి నిలబడే తాగాను.
మిరియాలు ఎక్కువేసింది, నాకోసమే.
గిన్నె కడిగి, తడి తుడవకుండానే
ఆవిడ గుమ్మం ఎక్కాను.
కెమెరా ఉన్న కాలింగ్ బెల్. నొక్కబోయి ఆగాను.
ఈ గంట ముందు ఏ దేశం వెళ్ళొస్తుందో,
ఆవిడ చేతిలో ఎప్పటికి మోగుతుందో.
వేలి కణుపులతో కొట్టాను.

తలుపు తీసింది.
గిన్నె వంక, నా తడి పాదాల వంక చూసి
"ఇంకా వేడిగానే ఉందా?" అంది.

తడుముకోకుండా
ఉంది, అన్నాను.