ఈ మనిషి వివరాలు నా దగ్గర లేవు

హల్‌లో, హెజిల్ రోడ్డు చారిటీ దుకాణంలో
అరవై పౌండ్లకి దొరికింది.
ఎవరో స్టిక్కరు గోకేశారు గానీ
మూత మీద గొర్రెపిల్ల ఆకారంలో జిగురు ఇంకా ఉంది.

శనివారం. హంబర్ మీంచి పొగమంచు
వీధి చివరి చేపల దుకాణం దాకా వచ్చి ఆగింది.
బల్ల మీద చిక్కుళ్ళు పక్కకి నెట్టి
ఈ పెట్టెలో అందరి చేతా కాపురం పెట్టించాను,
ఒక్కొక్కరికి ఒక్కో గది.

ముందు నాది. అడ్మినిస్ట్రేటర్, అంది తెర.
"అంటే ఏటి?" అంది అత్త, ఈనెలు తీస్తూ.
పెత్తనం, అన్నాను.
"అలాగా," అని ఇంకో కాయ విరిచింది,
కాస్త గట్టిగానే.

మా ఆయనది ఆన్‌లైను ఖాతా.
పాస్‌వర్డు కొట్టగానే
నిరుడు బ్రిడ్లింగ్టన్ బీచిలో తీసిన బొమ్మలు,
ఎక్కడెక్కడి బిల్లులు,
నాకు చెప్పని ఒక లోను దరఖాస్తు
అన్నీ మబ్బులోంచి దిగొచ్చి ఎక్కడివక్కడ కూర్చున్నాయి.
ఆ మాట రాత్రికి దాచుకున్నాను.

పిల్లది ఎనిమిదిన్నరకి మూసుకునే తలుపు.
నేను గోదాములో పెట్టెల మధ్య ఉన్నా సరే
జేబులో ఫోను జుమ్మంటుంది:
పూర్ణిక ఇంకో పావుగంట అడుగుతోంది.
ఎదురుగా నిలబడి అడిగితే ఇవ్వనేమో గానీ
అలా అర్జీ పెట్టుకుంటే కాదనబుద్ధి కాదు.

చివరికి అత్త.
ఈమెయిలు లేదు. ఫోను నంబరు కొడుకుదే.
"ఆ మబ్బులో నాకెందుకే చోటు,
ఈ పెట్టెలోనే ఓ మూల పడుంటాను."
దానికీ దారుంది, అడుగున, చిన్న అక్షరాల్లో.
తెరవాలంటే ఒక వాక్యం మీద నొక్కాలి:
ఈ మనిషి వివరాలు నా దగ్గర లేవు.

పన్నెండేళ్ళుగా ఒకే పొయ్యి.
ఆవిడ బీపీ మాత్ర రంగు తెలుసు, చెప్పుల సైజు తెలుసు,
అలిగితే చారులో ఉప్పెంత పడుతుందో తెలుసు.
నొక్కాను.

పాస్‌వర్డు ఆవిడే పెట్టుకుంది.
మర్చిపోతే ఎలా అని యంత్రం మూడు ప్రశ్నలు వేసింది.

మీ మొదటి పెంపుడు జంతువు పేరు?
"గేదెని మేం పెంచడమేటి,
అదే మమ్మల్ని పెంచింది."

మీ అమ్మానాన్నా ఏ ఊళ్ళో కలుసుకున్నారు?
కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.
"పెళ్ళిపీటల మీద. అప్పుడూ మధ్యన తెరే."

మీ కజిన్లలో పెద్దవారి పేరు?
ఇక్కడ నేనే ఆగాను.
పెదనాన్న కొడుకా, పిన్ని కూతురా, మేనత్త కొడుకా,
అందరినీ ఒక్క మాటలో కుక్కేశారు.
"అందరిలోకీ పెద్దంటే మా మేనత్త కొడుకే,"
అని గిన్నె కింద పెట్టింది.
గోడ మీద ఫొటోలో ఉన్న మా మామయ్య.

నలభై ఆరేళ్ళ కాపురం, ఆ తర్వాత ఆరేళ్ళు,
ఆ పేరు ఆవిడ నోట ఎవరూ వినలేదు.
ఆసుపత్రి కౌంటరు దగ్గర కూడా
కాగితం చూపించింది గానీ పలకలేదు.

నేను కొట్టనా?
"నువ్వు అటు తిరుగు."

మీటల మీద తెలుగు అక్షరాలు
పూర్ణిక చీటీలు కోసి అతికించింది.
ఒంటి వేలితో, టక్.
చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్.
"ఒత్తు ఎక్కడుందే?"
తిరక్కుండానే చెప్పాను.
కెటిల్ మరిగి దానంతటదే ఆగిపోయింది.

ఆ పేరేమిటని మీరడగొద్దు.
భద్రతా ప్రశ్నకి జవాబది,
పెత్తనం నాదే అయినా నాకూ కనపడదు.
మబ్బుకి తెలీదు. ఈ ఇంటి గడప దాటదు.

రోజూ పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని
పాస్‌వర్డు మర్చిపోయానంటుంది.
ఆ ప్రశ్నలు రానీ, అంటుంది.
నేను అటు తిరుగుతాను.