అన్నం వాసన

కాజీపేట డీజిల్ కాలనీ, పెంకుల క్వార్టరు.
అర్ధరాత్రి దాటినంక ఎవరో
కొత్త బియ్యం ఉడకేస్తున్నట్టు వాసన.
మొదటిసారి లేచి వంటింట్ల లైటేసి చూసిన,
గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నయి.

"మానుపిల్లి," అన్నడు పక్కింటి యాకూబ్ భాయ్.
"సపోటాల కోసం వస్తది, దాని ఒంటి వాసనే అది.
మనం దాని జోలికి పోకుంటే
అది మన జోలికి రాదు."
నాకైతే చెప్పిండు గానీ
మిర్చికి ఎవరు చెప్పాలె?

మిర్చి మా కుక్క. ఎర్రగ, జానెడంత.
కరిచే ధైర్యం లేదు, మొరిగే ధైర్యం మస్తు.
షెడ్డు సైరన్ కూస్తే జవాబిస్తది,
గూడ్సు బండికి జవాబిస్తది,
టీవీల ఏడ్చే కోడలికి కూడ జవాబిస్తది.

శివరాత్రికి ఇంకో వారముందనంగ
బాత్రూం రేకుల మీద దబ్బుమని సప్పుడు.
నేను గొళ్లెం తీసేలోపే అంతా అయిపోయింది.
అప్పుడొచ్చింది అసలు వాసన,
అన్నం కాదు,
కాలిన ఎంటికలు, మురిగిన తోలు,
కండ్లల్ల కారం కొట్టినట్టు.
మిర్చి ఇసుకల మూతి రుద్దుకుంట
గుండ్రంగ తిరుగుతున్నది.

వాడంతా లేచింది. ఒకరు పెరుగన్నరు,
ఒకరు చింతపండన్నరు, ఒకరు శెనగపిండి.
నా బిడ్డ నవ్య తన షాంపూ అంతా ఒంపింది.
తెల్లారేదాక కడిగినం వాసనను.
వాసనదే పెద్ద నోరు.
ముక్కు మీద రెండు పండ్ల గాట్లు
ఏమీ అనలేదు.

పొద్దున తొమ్మిదింటికి
అదే మానుపిల్లి ప్రహరీ మీద కూసున్నది.
నిండు ఎండల. తూలుకుంట. మూతికి సొంగ.
పిలగాండ్లు రాళ్లేస్తే తల కూడ తిప్పలే.
పశువుల దవాఖాన కాంపౌండర్ కొమురెల్లి
ఫోన్లనే అన్నడు:
"రాత్రి తిరిగే జీవి ఎండకు భయపడలేదంటే
మనం భయపడాలమ్మా.
ముందుగాల కుక్క ముక్కును సబ్బుతోని కడుగు.
పారే నీళ్ల కింద, పదిహేను నిమిషాలు."

గడియారం చూసుకుంట కడిగిన.
పదిహేను నిమిషాలంటే ఎంత పొడుగో
అప్పుడు తెలిసింది.

హన్మకొండ దవాఖానల డాక్టరమ్మ టీకా కార్డడిగింది.
ఇచ్చిన.
తారీఖు ఉండాల్సిన గళ్లల నా రాత ఉన్నది:
'నడుము ముప్ఫై నాలుగు, చేతులు పొట్టి.'
ఎవరి జాకెట్టో. కుట్టిచ్చి ఏడాదైంది.
సూది గుర్తున్నది నాకు, కుట్టుమిషను సూది.
ఇంకో సూది మర్చిపోయిన.

ఆమె తిట్టలేదు. నా చేతులడిగింది.
ఏళ్ల నిండ సూది పోట్లు, కొన్ని పచ్చివే.
"రాత్రి కుక్క నాకిందా?"
నాకకుంటే ఉంటదా మేడమ్,
ఏడుస్తుంటే ఎవరు దగ్గరుంటే వాళ్లనే నాకుతది.

దానికి అక్కడ, నాకు ఎం.జి.ఎం.ల.
సున్న, మూడు, ఏడు... రోజులు లెక్కపెట్టుకుంట
ఒకటే ఆటోల పోతున్నం ఇద్దరం.
ఆటో ఆయన ముక్కు మూసుకొని పది రూపాయలు
ఎక్కువ తీసుకుంటడు. న్యాయమే.

అడవోళ్లు సంచిల ఏసుకపోయిన మానుపిల్లి
తొవ్వలనే సచ్చిపోయిందట.
రిపోర్టు ఇంకా రాలే.
నేను రోజూ లేవంగనే గిన్నెల నీళ్లు పోస్త.
మిర్చి తాగితే మిషను తొక్కుత.
సప్పుడు చేస్కుంట తాగుతది, చప్ చప్ చప్,
అంత మంచి సప్పుడు
నేనెన్నడు వినలే.

ఇయ్యాల పన్నెండో రోజు.
చీకటి తోనే మల్లా అన్నం వాసన.
మిర్చి చెవులు లేపింది, గొంతుల గుర్రుమన్నది.
దాని మూతిని నా ఒళ్లెకు గుంజుకొని
పైకప్పు దిక్కు చూస్త కూసున్న.
ఊపిరి కూడ ఆపిన.

గోడవతల గరిటె సప్పుడైంది.
యాకూబ్ భాయ్ ఇంట్ల లైటు.
ఇయ్యాల్టి నుంచి రోజాలు,
మొదటి సహరీకి
అన్నం వండుతున్నరు.