టికెట్టు మందం

మొదటిది అంకుడు కర్రతో చేశాను.
ఒకదానిలో ఒకటి నాలుగు చక్రాలు,
నడుమ సైకిల్ బేరింగులోంచి రాల్చిన ఉక్కు గుండు.
ప్రతి చక్రానికీ ఒకే ఒక్క గాడి.
నాలుగు గాళ్ళూ ఒక వరసలోకొస్తే
గుండు దొర్లుకుంటూ అరచేతిలోకి రావాలి.
అంతే. చెప్పడానికి అంతే.

మాఘమాసంలో తిరిగింది.
చైత్రం దాటి, కంచరపాలెం షెడ్డులోకి
సముద్రం చెమటలా దిగే రోజుల్లో
కర్ర చెమ్మ తాగింది.
నాలుగు చక్రాలూ ఒకే చక్రమై
దవడ బిగించుకున్నాయి.
ఏ పొడుపుకథా అంత మొండికెయ్యదు.

రెండోది ఇత్తడి.
షిప్‌యార్డు వేలంలో కిలోల లెక్కన కొన్న తుక్కు,
ఏ ఓడలో ఎన్నేళ్ళు నీళ్ళకి కాపలా కాసిందో.
లేతుకి ఎక్కిస్తే పసుపు రజను
చొక్కా జేబులో, టిఫిన్ డబ్బాలో,
ఓసారి చెవిలో.
వెర్నియరు ఒప్పుకున్నంత బిగువుగా కోశాను,
వెంట్రుక దూరదని మురిసిపోయాను.
పోర్టు మీంచి వచ్చే నల్లధూళి దూరింది.
తిప్పితే నిద్రలో పళ్ళు కొరికిన చప్పుడు.

అసిర్నాయుడు మేస్త్రీ, నాకు లేతు నేర్పినవాడు,
చెవి దగ్గర పెట్టుకుని తిప్పి
"ఇది ఆడత లేదేటిరా" అన్నాడు.
బేరింగు ఆడితే తప్పని మీరే కదా చెప్పారు, అన్నాను.
"బండికి తప్పురా. ఆటకి ఆట ఉండాల."
జేబులోంచి బస్సు టికెట్టు తీసి
రెండు చక్రాల మధ్య దోపాడు.
"ఇంత. మించితే గలగల. తగ్గితే మూగ."
ఆ రాత్రి నుంచీ నా కొలబద్ద
ఇరవైఎనిమిదో నంబరు బస్సు టికెట్టు.

మూడోదానికి కాస్త దొంగబుద్ధి పెట్టాను.
బయటి చక్రం తిప్పితే లోపలిది కొంతసేపు ఊరుకుంటుంది,
అడుగున మేకు తగిలాక వెంట నడుస్తుంది,
అలకపాన్పు దిగిన పెళ్ళికొడుకులా
నాలుగడుగుల ఆలస్యంగా.
సరిచేసిన గాడిని సరిచేయబోయే గాడి చెడగొడుతుంది.
కాబట్టి లోపల్నుంచి మొదలెట్టాలి,
చేతికందేది మాత్రం బయటిదే.
ఈ ఒక్క మాట కోసం
పదకొండు కాగితాలు, మూడు విరిగిన టూలు ముక్కలు,
కరెంటు బిల్లు మీద ఇంట్లో ఒక పూట మౌనం.

ఒక తప్పుడు గాడి కూడా తొలిచాను,
గుండు సగం దాకా వచ్చి ఆగిపోయేందుకు.
ఆశపెట్టడం కూడా డిజైనేనని నాకెవరూ చెప్పలేదు.
నేనే కనుక్కుని కొంచెం సిగ్గుపడ్డాను.

ఊర్వశి జంక్షన్ దగ్గర నూకరత్నం గోలీసోడా బండి.
మిట్టమధ్యాహ్నం, బేరం లేని వేళ ఇచ్చాను.
అరగంట తిప్పింది, కళ్ళు రోడ్డు మీదే.
మధ్యలో ఇద్దరికి సోడా కొట్టింది,
ఎడమచెయ్యి ఆగలేదు.
తప్పుడు గాడిలో గుండు నిలిచినప్పుడు
"ఓలమ్మ, దొంగ!" అంది, నన్నో దాన్నో.
తర్వాత బొటనవేలితో
(రోజుకి వంద సీసాల గొంతు నొక్కే వేలు అది)
చక్రాన్ని మూడుసార్లు వెనక్కి లాగి, ఒకసారి వదిలింది.
టక్.
ఆమె అరచేతి గీతల్లో గుండు.

నేను మెప్పు కోసం నిలబడ్డాను.
ఆమె ఖాళీ చక్రాల్ని తిరగేసి, బోర్లేసి,
కన్నంలోంచి జంక్షనంతా ఓసారి చూసి
"బయటికొచ్చీసింది, సరే.
మల్లీ లోపలికెలాగెల్తాది?
కాళీ అయిపోనాదని సీసా ఒగ్గేత్తామేటి?" అంది.

విప్పే దారి గీశాను.
ముడేసే దారి గియ్యలేదు.
వచ్చిన దోవనే పొమ్మంటే మేకులు ఒప్పుకోవు,
ఒక వైపు మాటే వినేలా వాటిని నేనే అరగదీశాను.

బస్సులోనే, టికెట్టు వెనక, పెన్సిలుతో
ఐదో చక్రం మొదలెట్టాను.
కాన్వెంట్ జంక్షన్ కుదుపుకి గీత వంకరపోయింది.
వంకర బాగానే ఉంది, ఉంచాను.
గుండు ఇంకా నూకరత్నం దగ్గరే,
చిల్లర డబ్బాలో, రూపాయి బిళ్ళల మధ్య.