తరుగూ కొసరూ

కాశీబుగ్గలో నాకో కుర్చీ ఉంది,
కాటా పక్కన.
పదకొండేళ్లుగా అదే పని:
పప్పు తూచడం, తరుగు తీయడం.

బుట్టకి రెండొందల గ్రాములు.
తడి ఉందని ఒకరోజు, తొక్క ఉందని ఒకరోజు,
ఏమీ లేనిరోజు
అలవాటు ఉందని.

తవిటమ్మ ఎదురు చెప్పేది కాదు.
బిడ్డ దక్కాలని పుట్టగానే
తవుడు పోసి కొన్నారట ఆమెని.
"ఆ తవుట్లోనూ తరుగు తీసుంటార్లే బాబూ"
అని నవ్వేది,
జీడి తినేసిన వేళ్లు కొంగులో దాచుకుని.

గుండు పప్పు డబ్బాల్లో ఓడెక్కేది.
బద్ద మిఠాయి కొట్లకి,
ముక్క బిస్కెట్ల కంపెనీకి.
జల్లెడ కిందికి జారిన నూక మాత్రం
ఎవరి లెక్కలోనూ లేక
ఓ మూల గోనెపట్టా మీద పోగుపడేది.

యజమాని మేడకి నాలుగో అంతస్తు లేచిన ఏడాది
ఆమె కూలి కిలోకి రూపాయిన్నర పెరిగింది.
రెండు పద్దులూ నేనే రాశాను,
ఒకే పుస్తకంలో, ఒకే పెన్నుతో.

తర్వాత ఓ సోమవారం ఆమె రాలేదు.
ఆ నూకంతా బేరమాడి కొనుక్కుపోయిందన్నారు.
పొద్దున్న తొమ్మిదొందలిచ్చి
సాయంత్రం వెయ్యి పట్టుకెళ్లే
మోటారుసైకిలు వాడిదట పెట్టుబడి.

మొన్న విశాఖ పాసింజర్లో
పూండి దాటాక ఆ గొంతు:
"జీడినూకో... పాయసాల నూక, పలావుల నూకో..."
భుజాన సంచి,
చేతిలో సొట్టపడ్డ టీ గ్లాసు. అదే కొలత.
టికెట్టు లేనివాడిలా
నేను కిటికీ వైపు తిరిగాను.

"బాబు గారేటి ఇలగ!"
గ్లాసు తలకొట్టలేదు.
రాశిగా పోసింది కాగితంలో,
ఆపైన మరో గుప్పెడు.
వద్దు తవిటమ్మా, నష్టపోతావు, అంటే
"కొసరెయ్యకపోతే అదేటి బేరం బాబూ?"

తిలారులో ఖాకీ చొక్కా ఎక్కింది.
అతని జేబులోకి రెండు పొట్లాలు,
అడగకుండానే.
నా వైపు చూసి కళ్లతోనే అంది: తరుగు.

ఇంటికొచ్చి తూచాను. అలవాటు.
కొసరు ఒక్కటీ డెబ్బై గ్రాములు.
పదకొండేళ్ల రెండొందల్లోంచి
దాన్ని తీసెయ్యాలో
వాటికే కలపాలో తెలీక
పొట్లం విప్పి బల్ల మీదే ఉంచాను.

పొద్దుటికి చీమలు పట్టాయి.