ఎర్రదారం

సీసా బొటనవేలంత.
మూత తీస్తే మాత్రం
కొట్టంతా దాని మాటే వింటుంది.
అగరొత్తులు నోరు మూసుకుంటాయి,
కర్పూరం ఓ మూలకి సర్దుకుంటుంది.

కాశీబుగ్గలో దీపాలు పెట్టేవేళ
పని దిగి దాలమ్మ వచ్చింది,
దవడ కింద చెయ్యి పెట్టుకుని.
"బాబూ, పన్ను సలిపేత్తంది.
రాత్రంతా తొంగోనేదు."

ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి.
వేళ్ల చివర గీతలు లేవు.
రేషను డిపోలో మిషను
ఆవిడెవరో తెలీదంటుంది.

లవంగ నూనె అమ్మేముందు చెప్పేవి చెప్పాను:
దూదికి ఒక్క చుక్క,
పన్ను గుంటకే, చిగురుకి కాదు.
మింగకు. కంటి దగ్గరకి పోనీకు.
కీళ్లకి రాయాలంటే కొబ్బరినూనె చెంచాడు, ఇది చుక్క.
నొప్పి తగ్గిందంటే పన్ను బాగైందని కాదు,
రేపు ఆస్పత్రికి పో.

ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను.
మా బుల్లోడికి పళ్లొస్తున్న వేసవిలో
నేనే, ఈ వేలితోనే,
చిగుళ్లకి పచ్చి నూనె రాశాను.
పెదవి లోపల తెల్లటి పొక్కులు.
ఆస్పత్రి దాకా ఆటోలో
వాణ్ణి ఒక చేత్తోనే ఎత్తుకున్నాను,
రెండో చెయ్యి బయటికి చాపి,
ఎవరిదో అన్నట్టు.

అప్పట్నుంచి ప్రతి సీసా మెడకీ
ఎర్రదారం కడతాను.

దాలమ్మ నవ్వింది, ఒక పక్కకే.
"కాలేదేటో నాకు సెప్తావేటి?
జీడి సమురు ముట్టకముందే
సేతులకి ఆముదం పూసుకుంటాం.
నిప్పుకీ సర్మానికీ మద్దిన
ఏదో ఓ మెత్తటి నూనె ఉండాల."

నేను అంత పొడుగు చెప్పింది
ఆముదంలో ముంచి తీసేసింది.

"మరి ఏన్నీళ్ల గిన్నిలో ఏస్తే
ఇంట్లో బట్టీ పొగ కంపు పోద్దా?"
పోదు. కాసేపు పక్కకి జరుగుతుంది.
చుక్క చాలు, కిటికీ తీసి.
చంటిపిల్లలున్న చోట వద్దు.
"కోడలికి ఏడో నెల."
అయితే అసలే వద్దు, అన్నాను.
కాసేపు సీసాని చూసింది,
ఇంటికొచ్చిన కొత్త చుట్టాన్ని చూసినట్టు.
"పంటికే అయితే" అంది.

డబ్బులిచ్చాక
వదులైన ముడి బిగించబోయి
దారం కొస పళ్ల మధ్యకి తెచ్చి,
ఆగి,
వేళ్లతో లాగింది.

గీతల్లేని వేళ్లతో,
గట్టిగా.