ఏమనదు

ఉదయసముద్రం కట్ట మీద పొద్దుగాల
కుక్కను పట్టుకొని ఎవరెదురొచ్చినా
మొదలు వినబడే మాట అదే.
"ఏమనదమ్మా, నువ్వు పో."
తాడు సారు చేతుల లేదు.
మెడల ఏసుకున్నడు, తువ్వాల లెక్క.
కుక్క మాత్రం నాకాడికి వచ్చేసింది.

నిజమే, అది ఏమనలే.
ముందటి కాళ్లు రెండు నా రొమ్ముల మీద పెట్టి
మొకం నాకబోయింది, పావురంగనే.
పడ్డది నేను.

మర్రిగూడెం దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన ఎముకలివి.
ఇరవై ఏండ్లకే మోకాళ్లు బయటికి వంగినయి,
నడుము ఎండిన తుమ్మమొద్దయింది.
మెడ తిప్పాల్నంటె మనిషినంతా తిరగాలె.
ఎనక నుంచి వచ్చేదేదీ కనబడదు నాకు,
గోర్ల చప్పుడొకటే వినబడ్తది
తార్రోడ్డు మీద, టకటక.
మీరు పడితె దులుపుకొని లేస్తరు.
నేను పడితె ఇద్దరు మనుషులు కావాలె,
చంకల కింద చేతులు పెట్టి లేపాలె.
ఆ ఇద్దరిల ఒకరు తప్పకుండ అడుగుతరు:
"కుక్కలంటె అంత భయమా?"

కుక్కంటె కాదు సారూ.
మా వాడ కుక్కకు తాడూ లేకుండె, పేరూ లేకుండె.
నా కర్ర చప్పుడు దానికి ఎరుక.
అరుగు దిగి తనే పక్కకు జరిగేది.

సారు మంచోడే, కాదన.
దవాఖానకు పోదాం పా అన్నడు,
జేబుల నుంచి రెండు వందలు తీసిండు.
బ్రూనోను "బ్యాడ్ బాయ్" అని తిట్టిండు.
తిట్టి, మల్ల నాకే చెప్పిండు:
"ఏమనదమ్మా, ఆడుకుంటది అంతే."
ఆట అన్నంక
ఇద్దరు ఒప్పుకోవాలె గద.

నెల రోజులు కట్ట ఎక్కలే.
ప్రకాశంబజారు టైలరు పంపిన అంగీలకు
కాజాలు కుట్టుకుంట ఇంట్లనే కూసున్న.
నడువకుంటె ఉన్న కీళ్లు గూడ పట్టేస్తయని
డాక్టరు తిట్టంగ, మల్ల పోయిన.

ఆ నాడే మల్సూరును చూసిన.
ఆర్టీసీల ముప్పై ఏండ్లు కండక్టరు, దేవరకొండ రూటు.
తాడు కొసకు ఒక ఊరకుక్క,
కుడి చెవి సగమే ఉన్నది, పేరు చిల్లర.
ఇరవై గజాల నుంచే నా కర్రను చూసిండు.
తాడు చేతికి రెండు సుట్లు తిప్పుకున్నడు,
తొవ్వ నాకిడిచి రాళ్ల దిక్కు దిగిండు,
కుక్కకూ నాకూ నడుమ తను నిలబడి
మెల్లగ అన్నడు:
"హోల్డాన్."
చిల్లర కూసున్నది.
నేను దాటేదాక,
నా నడకకు ఎంతసేపు పడ్తదో అంతసేపు,
ఫోను తియ్యలే, గడియారం చూడలే,
అయ్యో పాపం అన్నట్టు గూడ చూడలే.
మూటతోని ముసలవ్వ దిగుతుంటె
బస్సు ఆగినట్టు ఆగిండు.
దాటినంక ఎనక నుంచి వినబడ్డది:
"రైట్ రైట్."

నవ్వొచ్చింది నాకు.
మెడ తిరగదు గాబట్టి
ఆ నవ్వు ఆయనకు కనబడలే.

మూడో నాడు దూరం నుంచే అడిగిన:
"కరుస్తదా అన్నా?"
ఏమనదు అంటడనుకున్న.
"ఏమో అక్కా," అన్నడు.
"నన్నయితె ఇంకా కరువలే.
నోరు దానిది, పూచీ నాది.
అందుకే గద ఈ తాడు."

చిల్లరను నేను ఇంత వరకు ముట్టలే.
ముట్టుమని మల్సూరు అనలే.

బ్రూనో సారు గూడ ఈ నడుమ నన్ను జూస్తె
తాడు మెడల నుంచి చేతులకు తీస్తడు.
కొన్నినాళ్లు మర్చిపోతడు.
అప్పుడు కర్ర అడ్డం పెట్టి
కట్టంతా వినబడేటట్టు నేనే అంట:
"హోల్డాన్!"
కుక్కకు ఏం సమజ్ కాదు.
సారు ఆగుతడు.